తూలకుండా నిలబడటమూ అభ్యాసమే!

"హకీమ్ సాబ్, మా అబ్బాజాన్ నడిస్తే తూలుతున్నారు. కాళ్లకు బలమొచ్చే మాజూన్ ఏదైనా ఇవ్వండి" అంటూ పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వచ్చే కొడుకులు, కోడళ్లు మా దవాఖానాలో కనిపించని వారం ఉండదు. నబ్జ్ చూస్తాను, నాలుక చూస్తాను, కింది రెప్ప లాగి చూస్తాను. ఆ తర్వాత నేనడిగే ప్రశ్నకు మాత్రం వాళ్లు తికమక పడతారు. "ఈయన పొలం గట్టు మీదో, ఏటి ఇసుకలోనో నడిచి ఎన్నాళ్లయింది?" అని అడుగుతాను. "ఎక్కడికీ పంపడం లేదండీ. పడిపోతారేమోనని ఇంట్లోనే కుర్చీలో కూర్చోబెడుతున్నాం" అని జవాబు వస్తుంది.

పెద్దల మీద ప్రేమతో చేస్తున్న పనే అది. కాదనను. కానీ ఆ తూలుడును పెంచుతున్న వాటిలో ఆ కుర్చీ కూడా ఒకటని చెప్పక తప్పదు. కదిలే నేల మీద, మెత్తటి నేల మీద, ఇరుకు దారి మీద పడకుండా నిలబడటం ఎవరికీ పుట్టుకతో రాదు. శరీరం దాన్ని నేర్చుకుంటుంది. వాడుతున్నంత కాలం గుర్తుంచుకుంటుంది, వాడకం మానేస్తే మరచిపోతుంది. మళ్లీ ఓపిగ్గా నేర్పితే 70 ఏళ్ల వయసులోనైనా చాలావరకు తిరిగి నేర్చుకుంటుంది. ఈ వారం దీని గురించే చెప్పుకుందాం.

పుట్టి నేర్పే పాఠం

రాయచూరు తాలూకాలోని మా గిల్లేసూగూరు ఉన్నది కృష్ణా తుంగభద్రల నడిమి సీమలో. ఇటు వాళ్లకు ఏరు దాటే సాధనం అంటే పొడవాటి చెక్క పడవ గుర్తుకు రాదు, పుట్టి గుర్తుకొస్తుంది. కన్నడంలో హరిగోలు అంటారు. వెదురు బద్దలతో పెద్ద గంపలా అల్లి, పూర్వం దానికి బయట తోలు తొడిగేవారు. తర్వాత తారు, ప్లాస్టిక్ పట్టాలు వచ్చాయి. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కూడా ఈ గుండ్రటి బుట్ట పడవల గురించి రాశాడు. 15, 20 మంది ఎక్కుతారనీ, ఇవి తిన్నగా పోలేక గిరగిరా తిరుగుతూనే ఏరు దాటుతాయనీ ఆయన గమనించాడు. అయిదు వందల ఏళ్లు గడిచినా పుట్టి గుణం మారలేదు.

పుట్టికి ముందు వెనకలు లేవు. నీటిలోకి దిగి పట్టుకునే వెన్నుకర్ర లేదు. ఒక మనిషి ఒక పక్కకు ఒరిగితే ఆ పక్క అంచు కిందికి దిగుతుంది. తుంగభద్ర ఒడ్డున బిచ్చాలి వైపో, కృష్ణ నడుమ ఉన్న కురువపురానికి మక్తల్ వైపు పంచదేవ్‌పహాడ్ రేవు నుంచో పుట్టిలో ఏరు దాటినవాళ్లు మీలో ఉంటే ఈ సంగతి బాగా తెలుస్తుంది. మొదటిసారి ఎక్కినవాళ్లు అంచును రెండు చేతులా గట్టిగా పట్టుకుంటారు. మోకాళ్లు కర్రల్లా బిగుసుకుంటాయి, ఊపిరి బిగబడుతుంది. ఒళ్లంతా ఒకే కొయ్యలా అయిపోవడంతో పుట్టి ఎటు ఊగితే మనిషీ అటే ఊగుతాడు. ఆ ఊపు మళ్లీ పుట్టినే ఇంకొంచెం ఊపుతుంది.

పుట్టివాణ్ణి చూడండి. పాదాలు ఎడంగా, మోకాళ్లు కొద్దిగా వంచి, నడుము వదులుగా ఉంచి నిలబడతాడు. కింద పుట్టి కదులుతూనే ఉంటుంది, మోకాళ్లూ నడుమూ ఆ కదలికను మింగేస్తుంటాయి, తల మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటుంది. చూపు అవతలి ఒడ్డు మీద. తెడ్డు వేసేటప్పుడు శరీరం ఒక పక్కకు వాలితే, వాలక ముందే రెండో కాలు బరువు అందుకుంటుంది. ఇదంతా ఆలోచించి చేయడు. అడిగితే చెప్పలేడు కూడా. చిన్నప్పుడు ఒడ్డున మోకాలిలోతు నీళ్లలో కట్టేసిన పుట్టిలో ముందు కూర్చుని, తర్వాత మోకాళ్ల మీద లేచి, ఆ తర్వాత నిలబడి, పది సార్లు నీళ్లలో పడి నేర్చుకున్న విద్య అది. పడటం కూడా ఆ చదువులో భాగమే, కానీ లోతు లేని చోట పడ్డాడు. ఈ మాట గుర్తుంచుకోండి, కింద మళ్లీ పనికొస్తుంది.

పుట్టి ఎక్కని వాళ్లకు వరి గట్టు ఉంది. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లు వచ్చాక మా వైపు వరి పెరిగింది. నాట్ల కాలంలో నారు కట్టలు మోస్తూ జానెడు వెడల్పున్న బురద గట్టు మీద ఆడవాళ్లు మాట్లాడుకుంటూ నడిచిపోతారు. పట్నం నుంచి సెలవులకు వచ్చిన వాళ్ల మనవడు, జిమ్ముకు వెళ్లే కుర్రాడు, అదే గట్టు మీద నాలుగడుగులు వేసి మడిలో పడతాడు. కుర్రాడి కండ ఎక్కువే. గట్టు మీద కండతో పని లేదు.

ముగ్గురు సాక్షులు

మనం నిటారుగా ఉన్నామో, ఒరుగుతున్నామో దిమాగ్‌కు చెప్పేవి మూడు. ఒకటి, కళ్లు. రెండు, లోపలి చెవి. అందులో మూడు అర్ధచంద్రాకారపు గొట్టాలు, రెండు చిన్న సంచులు ఉన్నాయి. గొట్టాల్లోని ద్రవం తల తిరుగుడును కొలుస్తుంది. సంచుల్లో ఉండే సున్నపు రేణువులు తల ఎటు వాలిందో, శరీరం ఎటు కదులుతోందో చెబుతాయి. ఈ చెవి యంత్రం మీద చేసిన పరిశోధనకే రాబర్ట్ బరానీ అనే వైద్యుడికి 1914 నోబెల్ బహుమతి లభించింది. మూడు, అరికాళ్లు, చీలమండలు, మోకాళ్లు, మెడ. బరువు ఎక్కడ పడుతోందో, కీలు ఎంత వంగిందో వీటిలోని అసాబ్, అంటే నరాలు, క్షణక్షణం కబురు పంపుతుంటాయి.

గట్టి నేల మీద, వెలుతురులో, ముగ్గురు సాక్షులూ ఒకే మాట చెబుతారు. పేచీ లేదు. పుట్టిలోనో, దూది పరుపు మీదో నిలబడితే అరికాలి సాక్ష్యం చెడిపోతుంది. కిందిదే కదులుతున్నప్పుడు కాలు చెప్పేది ఎలా నమ్మడం? చీకట్లో కంటి సాక్ష్యం పోతుంది. అప్పుడు దిమాగ్ ఎవరి మాట ఎంత నమ్మాలో తేల్చుకోవాలి. అభ్యాసం వల్ల మెరుగయ్యేది ముఖ్యంగా ఈ తీర్పే. తల వెనక కింది భాగంలో ఉండే చిన్న మెదడు ప్రతి తూలునూ ఒక తప్పుగా నమోదు చేసుకుని, మరుసటిసారి కండరాలకు ఇచ్చే ఆజ్ఞను కొంచెం సవరిస్తుంది. తూలే అవకాశమే లేకపోతే సవరించుకునే అవకాశమూ లేదు.

ఆజ్ఞలకూ ఒక వరుస ఉంది. గట్టి నేల మీద కొద్దిగా ఊగితే చీలమండలు సరిచేస్తాయి. ఇరుకైన గట్టు మీద పాదం నొక్కడానికి చోటు చాలదు కాబట్టి నడుము పనిలోకి దిగుతుంది. అదీ చాలకపోతే కాలు తీసి అడుగు వేయాల్సిందే. పెద్ద వయసులో పడిపోయే చాలామందికి ఈ మూడోది ఆలస్యమవుతుంది. ఒళ్లు ఒరిగిందని తెలుస్తుంది, కాలు మాత్రం సమయానికి లేవదు.

ఇంకో విచిత్రం. నేర్చుకున్న శరీరం తూలు వచ్చేదాకా ఆగదు. మీరు నీళ్ల బిందె ఎత్తబోతే, చేతులు కదలక ముందే పిక్కలు, వీపు బిగుసుకుంటాయి. ఎంత బరువు, ఎటు లాగుతుంది అన్న లెక్క ముందే అయిపోతుంది. నిండుగా ఉందనుకుని ఖాళీ బిందె ఎత్తినప్పుడు వెనక్కి తూలుతాం కదా, అది తప్పిన లెక్క. చాలాసేపు పడవలో ఉండి ఒడ్డున దిగాక నేల ఊగుతున్నట్టు అనిపించేదీ ఇలాంటిదే. నేల నిలకడగానే ఉంది, శరీరం పడవకు నేర్చుకున్న సవరింపునే ఇంకా చేస్తోంది. కాసేపట్లో మళ్లీ నేలకు అలవాటుపడుతుంది.

ఇబ్న్ సీనా దుంగ

యునానీ తిబ్‌లో అస్బాబె సిత్తా జరూరియా అని ఆరింటిని చెబుతారు. గాలి, అన్నపానాలు, శరీర చలనమూ విశ్రాంతీ, మనసు చలనమూ విశ్రాంతీ, నిద్రా మెలకువా, నిలుపుదలా విసర్జనా. ఇందులో శరీర చలనం కింద రియాజత్, అంటే వ్యాయామం, వస్తుంది. షేఖ్ బూ అలీ సీనా (980-1037) తన అల్ ఖానూన్‌లో రియాజత్ రకాలను చెబుతూ కుస్తీ, పరుగు, గుర్రపు స్వారీలతో పాటు ఒంటికాలి గెంతును, ఉయ్యాలను, పడవ ప్రయాణాన్నీ చేర్చారు. బరువులెత్తడమే వ్యాయామం అనుకునే నేటి కుర్రాళ్లు ఈ జాబితా చూడాలి.

అంతకంటే విలువైన మాట ఆయన కితాబుష్షిఫాలో ఉంది. దారిలో నేల మీద పడున్న దుంగ మీద మనిషి పరుగెత్తగలడు. అదే దుంగను లోతైన చోట వంతెనగా వేస్తే మెల్లగా నడవడానికీ జంకుతాడు. దుంగ వెడల్పు మారలేదు, కాళ్లూ అవే. మారింది మనసు. పడిపోతున్న దృశ్యం మనసులో బలంగా నిలబడితే శరీరం దానికే లోబడుతుందని ఆయన వివరించారు. ఊరి కూడళ్లలో డోలు మోగుతుండగా తాడు మీద నడిచే దొమ్మరివాళ్లను మీ చిన్నతనంలో చూసే ఉంటారు. వాళ్ల పిల్లలు ఎత్తైన తాడు మీద మొదలుపెట్టరు. చేతిలోని పొడవాటి గడ ఒరుగుడును నెమ్మదింపజేసి, సరిచేసుకోవడానికి వ్యవధి ఇస్తుంది. నేలకు దగ్గరగా ఉన్న తాడు ఖౌఫ్‌ను, అంటే భయాన్ని, దూరంగా ఉంచుతుంది.

మన ఇళ్లలో జరుగుతున్నది ఇదే దుంగ కథ. దాదీమా ఒకసారి జారిపడుతుంది. ఎముక విరగకపోవచ్చు. కానీ ఆ రోజు నుంచి ఇల్లంతా "నువ్వు లేవకు, మేం తెస్తాం" అంటుంది. ఆమె గోడ పట్టుకుని, కిందికే చూస్తూ, పాదాలు ఈడుస్తూ నడుస్తుంది. పుట్టి ఎక్కిన కొత్తవాళ్లలా ఒళ్లు బిగుస్తుంది. నడక తగ్గుతుంది, తొడలు సన్నబడతాయి, దిమాగ్‌కు సవరించుకునే పని ఉండదు. ఏడాది తిరిగేసరికి నున్నటి టైల్స్ మీద కూడా తూలుతుంది. మళ్లీ పడుతుంది. ఈసారి తుంటి.

ఇది చిన్న విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం కిందపడటం వల్ల ప్రపంచంలో ఏటా 6,84,000 మంది మరణిస్తున్నారు. ప్రమాదవశాత్తు గాయాలతో సంభవించే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. 2022లో బ్రెజిల్ పరిశోధకులు 51 నుంచి 75 ఏళ్ల వయసున్న 1,702 మందిని 10 సెకన్లు ఒంటికాలి మీద నిలబడమన్నారు. ప్రతి అయిదుగురిలో ఒకరు నిలబడలేకపోయారు. తర్వాత ఏడేళ్ల పాటు గమనిస్తే, నిలబడలేని వారిలో మరణాలు ఎక్కువగా నమోదయ్యాయి. ఒంటికాలి మీద నిలబడలేకపోవడం వల్ల ఎవరూ చనిపోరు, కంగారు పడకండి. లోపల చాలా సంగతులు సడలుతున్నాయనడానికి అది ఒక సూచన, అంతే. మంచి కబురు ఇది. ఎన్నో పరిశోధనలను కలిపి చూసిన 2019 నాటి కాక్రేన్ సమీక్షలో, వ్యాయామం చేసిన పెద్దల్లో పడిపోవడాలు సుమారు 23 శాతం తగ్గినట్టు తేలింది. అందులో బాగా పనిచేసినవి నిలకడనూ, లేచి కూర్చునే పనులనూ అభ్యసించే వ్యాయామాలే.

ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి?

లోతు లేని చోట పడటం అన్నాను కదా. ఇంట్లో ఆ చోటు గది మూల. వీపు వెనక రెండు గోడలు, ముందు ఒక బరువైన కుర్చీ, పక్కన ఇంట్లో ఒకరు. టైల్స్ మీద సాక్సులు వద్దు, ఒట్టి కాళ్లతో చేయాలి. తిన్న వెంటనే వద్దు.

మొదటి వారం రెండు పాదాలు దగ్గరగా చేర్చి నిలబడాలి, చూపు ఎదురుగా ఒకచోట నిలపాలి. అరనిమిషం హాయిగా నిలవగలిగితే, గట్టు మీద నడిచేటప్పటిలా ఒక పాదం మడమ రెండో పాదం బొటనవేలికి తగిలేలా నిలబడాలి. అది కుదిరాక ఒంటికాలు. కుర్చీని పట్టుకుని పీకకండి, వేలి కొన ఆనించండి చాలు. వేలి కొన అలా తాకితేనే ఊగిసలాట స్పష్టంగా తగ్గుతుంది. వేలు బరువు మోయదు, నాలుగో సాక్షిలా కబురు చెబుతుంది. రోజులు గడిచేకొద్దీ ఆ వేలునూ తీసేయాలి.

గట్టి నేల మీద సులువైపోయాక, నాలుగు మడతలు పెట్టిన బొంత పరిచి దాని మీద మళ్లీ మొదటి నుంచీ మొదలు. ఇదే మన ఇంటి పుట్టి. పాదాలు ఎడంగా, మోకాళ్లు కొంచెం వదులుగా. తూలు వస్తుంది. రానివ్వండి. తూలి సరిచేసుకున్న ప్రతిసారీ దిమాగ్ ఒక పాఠం రాసుకుంటోంది. అస్సలు తూలకుండా నిలబడగలిగితే ఆ పాఠం అయిపోయినట్టు, కొంచెం కష్టమైనది ఎంచుకోవాలి. కళ్లు మూసుకుని చేయడం చివరి మెట్టు. పక్కన మనిషి లేకుండా దాని జోలికి వెళ్లకండి.

దీనితో పాటు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవాలి. తొడల్లో శక్తి లేకపోతే దిమాగ్ ఎంత సరైన ఆజ్ఞ ఇచ్చినా అమలు కాదు. రోజూ పది, పదిహేను నిమిషాలు చాలు, కానీ నెలల తరబడి సాగాలి. కదలికలు తేలికగా సాగుతున్నంత వరకే రియాజత్. కాళ్లు వణకడం మొదలైతే ఆ పూటకు ఆపేయండి. ఎన్ని సెకన్లు నిలిచారో క్యాలెండర్ మీద రాయించండి. మనవరాళ్లకు ఈ పని అప్పగిస్తే వాళ్లే వదలరు.

అయిదు పూటలా నమాజు చేసేవారికి ఖియామ్ నుంచి రుకూ, సజ్దా, మళ్లీ లేవడం, ఇవన్నీ రోజూ జరిగే అభ్యాసాలే. చూపు సజ్దా చేసే చోట నిలపడం కూడా నిలకడకు తోడ్పడుతుంది. మోకాళ్లు నిజంగా సహకరించని వారు కుర్చీ వాడక తప్పదు, అందుకు వెసులుబాటూ ఉంది. కానీ కొద్దిపాటి బిగుతుకే కుర్చీ ఎక్కిన వారు డాక్టరునూ, ఆలిమ్‌నూ అడిగి, ఎంతవరకు నిలబడగలరో చూసుకోవడం మంచిది. తూలుడు ఎక్కువగా ఉన్నవారికి మందమైన స్పాంజి జానమాజ్ వద్దు, పలుచనిది చాలు.

వుజూ విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. తడి నేల మీద ఒంటికాలితో నిలబడి, రెండో కాలు వాష్‌బేసిన్‌లోకి ఎత్తి కడుక్కోవడం పెద్దవాళ్లు చేయరాని పని. ఫజర్ వేళ నిద్రమత్తు, మసక వెలుతురు, సబ్బు నీళ్లు, అన్నీ ఒకేచోట చేరతాయి. ముగ్గురు సాక్షుల్లో ఇద్దరు అప్పటికే గల్లంతు. స్టూలు వేసుకుని కూర్చుని కాళ్లు కడుక్కోండి. గోడకు ఒక పట్టుకమ్మీ వేయించండి. ఒంటికాలి అభ్యాసం పొడి నేల మీద, పగటి పూట చేసుకోవచ్చు.

ముందు డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిన వాళ్లు

తూలుడు అంతా అభ్యాసంతో పోయేది కాదు. హఠాత్తుగా నడక తప్పి, మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఒక పక్క చేయి కాలు బలం తగ్గినా అది ఫాలిజ్, పక్షవాతం. హకీమ్ కోసం చూడకుండా ఆ క్షణమే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. మంచం మీద పక్కకు తిరిగినప్పుడల్లా కొద్దిసేపు గదంతా తిరిగిపోతే, యునానీలో దవార్ అని పిలిచే లక్షణాల్లో ఇదొక రకం, చెవిలోని సున్నపు రేణువులు దారితప్పి గొట్టాల్లోకి జారి ఉండవచ్చు. చెవి డాక్టరు తలను ఒక పద్ధతిలో తిప్పి వాటిని స్వస్థానానికి చేర్చగలరు. దానికి మందు మింగి లాభం లేదు.

షుగరు చాలా ఏళ్లుగా ఉన్నవారికి అరికాళ్లు మొద్దుబారతాయి. బి12 విటమిన్ తగ్గినా అంతే. బీపీ మాత్రలు, నిద్రమాత్రలు వేసుకునేవారు మంచం మీద నుంచి లేస్తూనే నడవకుండా ఒక నిమిషం కూర్చుని లేవాలి. కంట్లో శుక్లం ఉంటే వాయిదా వేయకుండా తీయించుకోవాలి. ఈ సాక్షులను ముందు బాగుచేయించి, ఆ తర్వాత బొంత ఎక్కండి.

ఇక మాజూన్ సంగతి. నిలకడ నేర్పే మాజూన్ యునానీలో లేదు, ఎవరైనా ఉందని అమ్మితే కొనకండి. రోఘన్ బాబూనాతో మోకాళ్లకు, పిక్కలకు దల్క్ చేస్తే బిగుతు సడలి అభ్యాసం సుళువవుతుంది, అంతవరకే. అదీ రాత్రి పడుకోబోయే ముందు వద్దు. నూనె కాళ్లతో అర్ధరాత్రి బాత్రూముకు లేచి టైల్స్ మీద జారిన వాళ్లను చూశాను. పగలు మర్దన చేయించి, గోరువెచ్చని నీళ్లతో అరికాళ్లు శుభ్రంగా కడిగి, తువ్వాలుతో వేళ్ల సందులు కూడా తుడిచాకే వారిని లేపండి.